వీడియో గేముల్లో పాత్రమరణం: కథ, ఆటనియమం, అభిమానుల చర్చ

వ్యాససంగ్రహం

వీడియో గేముల్లో ముఖ్యపాత్ర మరణించినప్పుడు అభిమానుల మధ్య జరిగే చర్చ ప్రధానంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఆ మరణం కథకు అవసరమా అన్నది మొదటిది. ఆటలోని నియమాలు ఆ మరణానికి అనుగుణంగా ఉన్నాయా అన్నది రెండవది. జపాన్‌లో రూపొందిన ‘ఫైనల్ ఫాంటసీ’, ‘ఫైర్ ఎంబ్లెమ్’ శ్రేణులను ప్రధానంగా, అమెరికాలో రూపొందిన ‘ద లాస్ట్ ఆఫ్ అజ్’ను తులనాత్మకంగా తీసుకొని ఈ చర్చాస్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కరుణ, విప్రలంభాలను వేరుచేయడానికి భారతీయ అలంకారశాస్త్రం ఉపయోగించిన నిరపేక్ష, సాపేక్ష భావనలు ఇక్కడ విశ్లేషణ సాధనాలు. చనిపోయిన పాత్ర తిరిగి వస్తుందన్న ఆశకు హద్దు గీయడంలో గేముల్లో కథతోపాటు రూపకల్పన నియమానికి కూడా సమానమైన పాత్ర ఉందని, అభిమానుల వాదాలు చాలావరకు ఆ హద్దుకు సంబంధించినవేనని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ కథనం, పాత్రమరణం, రూపకల్పన, అభిమాన విమర్శ, కరుణరసం, కరుణవిప్రలంభం, ఫైనల్ ఫాంటసీ, ఫైర్ ఎంబ్లెమ్

1. ఉపోద్ఘాతం

కల్పిత పాత్ర మరణాన్ని పాఠకులు అంగీకరించకపోవడం కొత్త విషయం కాదు. ఆర్థర్ కానన్ డోయల్ 1893లో ప్రచురించిన ‘ద ఫైనల్ ప్రాబ్లెమ్’ కథలో షెర్లాక్ హోమ్స్ జలపాతంలో పడి మరణించినట్లు చిత్రించినప్పుడు పాఠకులు తీవ్రంగా నిరసించారు. పదేళ్ళ తరువాత, 1903లో, ‘ది ఎంప్టీ హౌస్’ కథలో రచయిత ఆ పాత్రను సజీవంగా తిరిగి తీసుకువచ్చాడు. పాత్రకు మరణం విధించే అధికారం రచయితదే అయినా, ఆ తీర్పుపై పాఠకలోకం పునర్విచారణ కోరగలదని ఈ ఉదంతం నిరూపించింది.

వీడియో గేముల్లో ఈ సమస్య మరింత జటిలమవుతుంది. నవలలో పాత్ర ఒకసారి మరణిస్తుంది. గేములో అదే పాత్ర కథలో మరణించడానికి ముందు యుద్ధసన్నివేశాల్లో పదులసార్లు నేలకొరిగి ఉండవచ్చు, ప్రతిసారీ ఒక మంత్రంతోనో మందుతోనో లేచి ఉండవచ్చు. ఓడిన ప్రతిసారీ ఆడేవారు పాత స్థితిని తిరిగి తెరచి, జరిగినదాన్ని జరగనట్లు చేసి ఉండవచ్చు. ఇన్ని పునర్జన్మల మధ్య ఒక్క మరణం మాత్రమే శాశ్వతమని కథ ప్రకటించినప్పుడు ‘ఇది మాత్రం ఎందుకు?’ అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది.

ఈ ప్రశ్నపై అభిమానులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదాలను కేవలం అభిమానావేశంగా కొట్టిపారేయడం తేలిక. అయితే వాటిలో కథాసంభావ్యత, రసౌచిత్యం, కర్తృత్వాధికారం వంటి సాహిత్యవిమర్శలోని మౌలికాంశాలు వేరే పరిభాషలో వ్యక్తమవుతున్నాయి. సాహిత్య విద్యార్థులు ఆ చర్చను గమనించవలసిన కారణం అదే.

2. విశ్లేషణ భూమిక: నిరపేక్షం, సాపేక్షం

2.1 కరుణ విప్రలంభ భేదం

మరణాన్ని ప్రదర్శించే విషయంలో భారతీయ నాట్యసంప్రదాయం జాగ్రత్త వహించింది. ధనంజయుని దశరూపకం వధ, యుద్ధం వంటివాటిని రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపరాదని చెప్పింది. ప్రధాన నాయకుని వధను సూచనగా సైతం తెలుపరాదన్నది. భాసుని ఊరుభంగం దుర్యోధనుని మరణాన్ని రంగస్థలం మీదనే చూపడం ఈ సంప్రదాయానికి ప్రసిద్ధమైన మినహాయింపు.

ఈ వ్యాసానికి అంతకంటే ఉపయోగపడే భావన నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో ఉంది. కరుణంలోనూ విప్రలంభ శృంగారంలోనూ కన్నీళ్ళు, నిట్టూర్పులు, దైన్యం వంటి బాహ్యలక్షణాలు ఒకేలా ఉంటాయి. అలాంటప్పుడు రెండింటినీ వేరుచేసేది ఏది? పునస్సమాగమంపై ఆశ ఉండటం, లేకపోవడం అని భరతుడు సమాధానం చెప్పాడు. ఆశ మిగిలి ఉంటే ఆ స్థితి సాపేక్షం, అది విప్రలంభం. ఆశ పూర్తిగా తెగిపోతే నిరపేక్షం, అది కరుణం.

తరువాతి ఆలంకారికులు ఈ రెండింటి నడుమ మరొక స్థితిని గుర్తించారు. పద్నాలుగవ శతాబ్దానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దీన్ని కరుణవిప్రలంభమన్నాడు. దీనికి బాణుని కాదంబరిలోని పుండరీక మహాశ్వేతల వృత్తాంతం ఉదాహరణ. పుండరీకుడు మరణించగా మహాశ్వేత విలపిస్తుంది. ప్రియునితో తిరిగి కలుస్తావన్న దివ్యవాక్కు వినిపించేంతవరకు ఉన్నది కరుణం. విన్న తరువాత ఉన్నది విప్రలంభం. మరణించిన దేహం అదే, విలపించే స్త్రీ ఆమే. ఒక్క మాట రసాన్ని మార్చివేసింది.

2.2 గేములకు అన్వయం, దాని పరిమితులు

విప్రలంభం నాయికానాయకుల అనురాగానికి సంబంధించినది. గేముల్లోని స్నేహితులు, సహయోధులు, గురుశిష్యుల వియోగాలన్నింటికీ ఆ పేరు శాస్త్రరీత్యా చెల్లదు. ఇక్కడ స్వీకరిస్తున్నది సాపేక్ష నిరపేక్ష విభజనను మాత్రమే. చనిపోయిన పాత్ర తిరిగి వస్తుందా, రాదా అన్న సమాచారాన్ని కాదంబరిలో దివ్యవాక్కు అందించింది. గేములో అదే సమాచారాన్ని ఆటనియమం అందిస్తుంది. ఆ నియమాన్ని ఆడేవారు గంటల తరబడి స్వయంగా వాడి నేర్చుకొని ఉంటారు. కాబట్టి కథ చెప్పే మాటకంటే నియమంపైనే వారికి నమ్మకం ఎక్కువ.

మరొక పరిమితి కూడా ఉంది. రసానుభవానికి సాధారణీకరణం అవసరమని, స్వపర లాభనష్టాల స్పృహ రసానికి విఘ్నమని అభినవగుప్తుడు భావించాడు. గేము ఆడేవారు కేవల ప్రేక్షకులు కారు. ఒక పాత్రను తీర్చిదిద్దడానికి వారు కాలం, శ్రమ వెచ్చిస్తారు. ఆ పాత్ర మరణించినప్పుడు కలిగే బాధలో కథాగతమైన శోకం కొంత, స్వంత శ్రమ వృథా అయిందన్న లౌకికమైన వెత కొంత కలిసి ఉంటాయి. అభిమానుల చర్చల్లో ఈ రెండూ తరచుగా ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. వాటిని విడదీసి చూడటం విశ్లేషకుని మొదటి పని.

3. ‘ఫైనల్ ఫాంటసీ’ శ్రేణి: మూడు మరణాలు, మూడు పద్ధతులు

స్క్వేర్ సంస్థ 1987లో ప్రారంభించిన ఈ శ్రేణిలో ‘ఫీనిక్స్ డౌన్’ అనే వస్తువు ప్రసిద్ధం. అది ఫీనిక్స్ పక్షి ఈక. యుద్ధంలో పడిపోయిన సహచరునిపై దాన్ని వాడితే అతడు లేస్తాడు. జపనీస్‌లో ఆ పడిపోయిన స్థితికి శ్రేణి వాడే మాటకు ‘పోరాడలేని స్థితి’ అని అర్థం. శాస్త్రరీత్యా అది మరణం కాదు. కానీ ఆడేవారి అనుభవంలో ఆ భేదం నిలవదు. పడినవారిని లేపే సాధనం తమ సంచిలో ఉందన్నదే వారికి తెలిసిన సత్యం.

3.1 నాలుగవ గేము (1991): తిరిగివచ్చే మృతులు

ఇందులో పాలమ్, పోరమ్ అనే కవలలు కూలిపడుతున్న గోడల నుండి సహచరులను కాపాడటానికి తమను తాము శిలలుగా మార్చుకుంటారు. వృద్ధ మాంత్రికుడు టెల్లా వారిని మామూలుగా మార్చడానికి మంత్రం ప్రయోగిస్తాడు. వారు స్వేచ్ఛగా శిలలైనందున ఆ మంత్రం పనిచేయదు. బాంబుతో దూకిన సిడ్ కూడా మరణించినట్లే కనిపిస్తాడు. తరువాతి కథలో వీరంతా సజీవులై తిరిగివస్తారు. బృందంలో నిజంగా మరణించేది టెల్లా ఒక్కడే. త్యాగాలు వరుసగా రద్దవుతూ ఉంటే త్యాగానికి విలువ ఏమి మిగులుతుందన్నది ఈ గేముపై అభిమానులు చేసే ప్రధాన విమర్శ. అన్నీ సాపేక్షాలే అయినప్పుడు శోకం నిలవదు.

3.2 ఐదవ గేము (1992): నియమాన్ని ఎదుర్కొన్న సన్నివేశం

ఇందులో వృద్ధయోధుడు గలూఫ్ తన మనుమరాలిని, మిత్రులను కాపాడటానికి ప్రతినాయకుడు ఎక్స్‌డెత్‌తో ఒంటరిగా పోరాడతాడు. సాధారణ నియమం ప్రకారం ప్రాణబలం సున్నాకు చేరిన పాత్ర పడిపోవాలి. గలూఫ్ పడిపోడు, సున్నా వద్ద కూడా పోరాడుతూనే ఉంటాడు. యుద్ధానంతరం మిత్రులు అతనిపై వైద్యమంత్రాలు, పునరుజ్జీవన మంత్రం, ఫీనిక్స్ డౌన్ ఒకదాని తరువాత ఒకటి ప్రయోగిస్తారు. ఏదీ పనిచేయదు.

ఆడేవారు అడగబోయే ప్రశ్నను ఈ సన్నివేశం ముందుగానే తన లోపలికి తీసుకొంది. నియమానికి మినహాయింపు ఉందని అంకెల రూపంలోనే చూపింది. ఆపైన గలూఫ్ సంపాదించిన స్థాయి, విద్యలు అతని మనుమరాలు క్రైల్‌కు సంక్రమిస్తాయి. ఆడేవారి శ్రమకు నష్టం లేదు. లౌకికమైన వెతను తొలగించి శోకాన్ని మాత్రమే మిగిల్చిన రూపకల్పన ఇది. గలూఫ్ మరణంపై చర్చ ఉన్నా వివాదం పెద్దగా లేకపోవడానికి ఈ అమరిక ఒక కారణంగా కనిపిస్తుంది.

3.3 ఏడవ గేము (1997): ఎయిరిత్

ప్లేస్టేషన్ కోసం మూడు డిస్కులలో వెలువడిన ఈ గేములో ఎయిరిత్ మిడ్గార్ నగరపు మురికివాడల్లో పూలు అమ్మే యువతి. పుడమి పలుకులను వినగల ప్రాచీన జాతికి ఆమె చివరి వారసురాలు. మొదటి డిస్కు ముగింపులో ఆమె లోకరక్షణ కోసం ప్రార్థన చేస్తుండగా ప్రతినాయకుడు సెఫిరోత్ పైనుండి దిగివచ్చి కత్తితో పొడుస్తాడు. వెంటనే ఒక యుద్ధం మొదలవుతుంది. సాధారణంగా వినిపించే యుద్ధసంగీతం అప్పుడు వినిపించదు. నోబువో ఉఎమాట్సు ఆమె కోసం కూర్చిన రాగమే యుద్ధమంతటా సాగుతుంది. తరువాత కథానాయకుడు క్లౌడ్ ఆమె దేహాన్ని సరస్సు నీటిలో విడిచిపెడతాడు.

ఇక్కడ ఎవరూ ఫీనిక్స్ డౌన్ వాడి చూడరు. ఐదవ గేము మూసివేసిన ప్రశ్నను ఏడవ గేము తెరచి ఉంచింది. ఆమె విద్యలు ఎవరికీ సంక్రమించవు. ఆమె ఆయుధానికి అమర్చిన మాంత్రిక రత్నాలు మాత్రం ఆడేవారి సంచికి తిరిగి చేరతాయి. మరణానికి ముందే శ్రమపడితే ఆమె అత్యున్నత శక్తిని సంపాదించవచ్చు. ఆ శక్తిని సాధించినవారు కొద్దికాలానికే దాన్ని కోల్పోతారు. ఆమె తిరిగి వస్తుందన్న ఆశకు ఇంతకంటే బలమైన ఆధారం ఆడేవారికి అక్కర్లేకపోయింది. అత్యున్నత శక్తిని ఇచ్చినవారు ఆమెను శాశ్వతంగా తీసివేస్తారా అన్నది వారి తర్కం.

ఫలితంగా ఎయిరిత్‌ను బ్రతికించే రహస్యమార్గం ఉందన్న వదంతులు ఏళ్ళ తరబడి ప్రచారంలో ఉన్నాయి. గేము స్మృతిని మార్చే పరికరాలతో కొందరు ఆమెను మళ్ళీ బృందంలో చేర్చారు. యుద్ధాల్లో ఆమె పోరాడింది కాని కథ మాత్రం ఆమెను మృతురాలిగానే భావిస్తూ సాగింది. నియమం దృష్టిలో జీవించి, కథ దృష్టిలో మరణించిన విచిత్రస్థితి అది.

రూపకర్తల ఉద్దేశం వేరు. నిజజీవితంలో మరణం చెప్పి రాదని, వీరోచిత త్యాగంగా కాక హఠాత్తుగా మిగిలే వెలితిగా దాన్ని అనుభవింపజేయాలని భావించినట్లు దర్శకుడు యోషినోరి కిటాసే, పాత్రరూపకర్త టెట్సుయా నొమురా తరువాతి ఇంటర్వ్యూల్లో వివరించారు. ఈ దృష్టితో చూస్తే సంక్రమణ లేకపోవడం, ఫీనిక్స్ డౌన్ ప్రస్తావన లేకపోవడం లోపాలు కావు. బృందపట్టికలో ఆమె స్థానం ఖాళీ కావడమే ఆ వెలితికి రూపం. అభిమానులలో ఒక వర్గం దీన్ని రూపకల్పనలో సాధించిన ఘనతగా భావిస్తుంది. మరొక వర్గం కథకు, నియమానికి మధ్య సమన్వయం లేని లోపంగా చూస్తుంది. రెండు వాదాలూ ఆధారం చేసుకున్నది ఒకే అంశాన్ని. నిరపేక్షతను ప్రకటించే బాధ్యతను గేము కథకు మాత్రమే అప్పగించి, నియమాన్ని మౌనంగా వదిలివేసింది.

4. పునర్నిర్మాణం: హద్దును చెరిపిన ప్రయత్నం

‘ఫైనల్ ఫాంటసీ 7’ను మూడు భాగాలుగా పునర్నిర్మించే ప్రణాళికలో మొదటిదైన ‘రీమేక్’ 2020 ఏప్రిల్‌లోనూ, రెండవదైన ‘రీబర్త్’ 2024 ఫిబ్రవరిలోనూ విడుదలయ్యాయి. మొదటి భాగంలో ‘విస్పర్స్’ అనే ఛాయారూపాలు ప్రవేశపెట్టబడ్డాయి. కథ ముందుగా నిర్ణయమైన విధి నుండి తప్పిపోయినప్పుడల్లా ఇవి అడ్డుపడి దాన్ని పాత దారికి మళ్ళిస్తాయి. పాత కథ మారకూడదన్న అభిమానుల పట్టుదలకు ఇవి ప్రతిరూపాలని చాలామంది వ్యాఖ్యానించారు. మొదటి భాగం చివర బృందం వీటిని ఓడిస్తుంది. విధి ఓడిపోయింది కనుక ఎయిరిత్ బ్రతకవచ్చునన్న ఆశ అక్కడ మొలకెత్తింది. విశ్వనాథుని పరిభాషలో చెప్పాలంటే, ఇరవై మూడేళ్ళ కరుణం తరువాత దివ్యవాక్కు వినిపించింది.

‘రీబర్త్’ చివరి సన్నివేశంలో సెఫిరోత్ కత్తిని క్లౌడ్ అడ్డుకొన్నట్లు కనిపిస్తుంది. మరుక్షణం దృశ్యం చెదిరి, నెత్తుటి మడుగులో ఎయిరిత్ కనిపిస్తుంది. ఆ రెండు దృశ్యాలలో ఏది నిజమో గేము తేల్చదు. చివరి పోరాటాల్లో ఒకదానిలో ఆమె క్లౌడ్ పక్కన నిలిచి పోరాడుతుంది కూడా. తరువాత సహచరులు ఆమె కోసం దుఃఖిస్తుండగా క్లౌడ్‌కు మాత్రం ఆమె కనబడుతూ, మాట్లాడుతూ ఉంటుంది. పాత గేములోని జలసమాధి దృశ్యం ఇందులో లేదు.

దీనిపై అభిమానుల అభిప్రాయాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మరణాన్ని నిశ్చయంగా చూపకపోవడం వల్ల శోకం పలచబడిందన్నది మొదటి వాదం. జలసమాధి దృశ్యం లేకపోవడాన్ని వీరు ముఖ్యంగా తప్పుపడతారు. మనస్సు చెదిరిన క్లౌడ్ మరణాన్ని అంగీకరించలేకపోవడమే ఇక్కడి విషయమని, కనుక సందిగ్ధత పాత్రోచితమని రెండవ వాదం. పాత గేము ముగింపు అందరికీ తెలిసినదే కనుక అదే ఆశ్చర్యాన్ని మళ్ళీ కలిగించడం అసాధ్యమని, ఆశను లేపి ఊగిసలాడించడం తప్ప రూపకర్తలకు దారి లేదని మూడవ వాదం.

ఈ మూడింటిలో మొదటి వాదానికి అలంకారశాస్త్ర సమర్థన దొరుకుతుంది. ఆశ తెగకపోతే కరుణం పరిపుష్టం కాదు. అయితే రెండవ వాదం సూచించే అంశం కూడా విలువైనదే. క్లౌడ్‌కు ఆ స్థితి సాపేక్షం, అతని సహచరులకు నిరపేక్షం. ఒకే మరణం ఇద్దరు ద్రష్టలకు రెండు స్థితులుగా కనిపించడం, ఆడేవారిని ఆ రెండింటి మధ్య నిలబెట్టడం ‘రీబర్త్’ చేసిన కొత్త ప్రయోగం. ఇది సఫలమైందా అన్నది మూడవ భాగం ఆ ఆశను ఏం చేస్తుందన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

5. ‘ఫైర్ ఎంబ్లెమ్’ శ్రేణి: నియమమే మృత్యువు

ఇంటెలిజెంట్ సిస్టమ్స్ రూపొందించగా నింటెండో ప్రచురించిన ‘ఫైర్ ఎంబ్లెమ్’ 1990లో మొదలైంది. చదరంగం వంటి గళ్ళపై వంతులవారీగా సాగే యుద్ధక్రీడ ఇది. చదరంగంలో బంటుకు పేరు ఉండదు. ఇక్కడ ప్రతి యోధునికీ పేరు, ముఖం, గతం ఉంటాయి. యుద్ధంలో పడిన యోధుడు శాశ్వతంగా మరణిస్తాడు. మొదటి గేములోనే మృతులలో ఒక్కరిని ఒక్కసారి బ్రతికించగల దండం ఒకటి ఉంది. సాధారణ నియమం మాత్రం నిరపేక్షమే.

5.1 నియమం కథను మలచిన తీరు

ఎవరు ఎప్పుడు మరణిస్తారో రచయితకు ముందుగా తెలియకపోవడం ఈ శ్రేణి కథనాన్ని లోతుగా ప్రభావితం చేసింది. బృందంలో చేరిన తరువాత చాలామంది యోధులకు ప్రధానకథలో మాటలు తగ్గిపోతాయి. వారు అప్పటికి బ్రతికి ఉంటారన్న హామీ లేదు కదా! వారి వ్యక్తిత్వమంతా ఇద్దరిద్దరి మధ్య జరిగే ఐచ్ఛిక సంభాషణల్లోకి తరలింది. తరువాతి కథకు తప్పనిసరి అయిన పాత్రలు పడిపోతే, వారు గాయపడి యుద్ధం నుండి వైదొలగినట్లు చూపుతారు. ఈ రాజీని అభిమానులు తరచుగా విమర్శిస్తారు. కథకు అవసరమైనవారికి ఒక మృత్యువు, అవసరం లేనివారికి మరొక మృత్యువా అన్నది వారి ఆక్షేపణ.

1996లో వచ్చిన ‘జీనియాలజీ ఆఫ్ ది హోలీ వార్’ ఈ సమస్యకు భిన్నమైన పరిష్కారం చూపింది. గేము సగంలో నాయకుడు సిగుర్డ్, అతని అనుచరులలో అనేకులు కుట్రకు బలవుతారు. రెండవ సగం వారి సంతానం కథ. మొదటి సగంలో ఆడేవారు ఎవరికి ఎవరితో బంధం కలిపారన్నదానిని బట్టి పిల్లలకు ఆయుధాలు, నైపుణ్యాలు సంక్రమిస్తాయి. గలూఫ్ విద్యలు మనుమరాలికి దక్కినట్లే, ఇక్కడ ఒక తరం శ్రమ మరొక తరానికి దక్కుతుంది. మరణం శాశ్వతం, శ్రమ వృథా కాదు.

5.2 క్లాసిక్, క్యాజువల్ వివాదం

2010లో ‘న్యూ మిస్టరీ ఆఫ్ ది ఎంబ్లెమ్’ మొదటిసారి ‘క్యాజువల్’ పద్ధతిని ప్రవేశపెట్టింది. దాన్ని ఎంచుకొంటే పడిన యోధులు ఆ యుద్ధం ముగిశాక తిరిగివస్తారు. పాత నియమం ‘క్లాసిక్’ పేరుతో పక్కనే ఉంది. 2012లో వచ్చిన ‘అవేకెనింగ్’ ఈ ఎంపికను ప్రపంచవ్యాప్తంగా పరిచయం చేసి శ్రేణికి కొత్త జీవం పోసింది. 2015లోని ‘ఫేట్స్’ మరొక అడుగు వేసి, పడినవారు మరుసటి వంతులోనే లేచే ‘ఫీనిక్స్’ పద్ధతిని జోడించింది. 2017 నుండి వచ్చిన ప్రధాన గేముల్లో కాలాన్ని కొన్ని వంతుల వెనక్కి తిప్పే శక్తి చేరింది.

క్లాసిక్ పక్షపాతుల వాదం స్పష్టం. ప్రతి అడుగులోనూ ప్రాణభయం ఉంటేనే పాత్రపై మమకారం పుడుతుంది. ఆ భయాన్ని తీసివేస్తే యోధుడు మళ్ళీ పేరులేని బంటు అవుతాడు. దీనికి క్యాజువల్ పక్షం ఇచ్చే సమాధానం మరింత ఆసక్తికరమైనది. కఠిననియమాన్ని సమర్థించేవారిలో అత్యధికులు ఒక యోధుడు మరణించగానే గేమును ఆపి ఆ అధ్యాయాన్ని మళ్ళీ మొదలుపెడతారు. వారి ఆటలో కూడా ఎవరూ మరణించరు. తేడా అల్లా వారు గంటసేపు అదనంగా శ్రమించడమే. అలాంటప్పుడు ఆ నియమం కాపాడుతున్నది మరణగాంభీర్యాన్నా, శ్రమను శిక్షగా విధించే అలవాటునా?

ఈ ప్రశ్న చర్చను సరైన చోటికి చేర్చింది. నియమం కాగితంపై నిరపేక్షంగా ఉన్నా, తిరిగి మొదలుపెట్టే వీలు ఉన్నంతవరకు ఆచరణలో సాపేక్షమే. కాలాన్ని వెనక్కి తిప్పే శక్తిని ప్రవేశపెట్టడం ద్వారా రూపకర్తలు ఆటబయట ఉన్న అలవాటును ఆటలోపలికి తెచ్చి, దానికి పరిమిత సంఖ్యను విధించారు. అంతులేని ఆశకు లెక్క కట్టారు. పునఃప్రారంభాన్ని పూర్తిగా త్యజించి, జరిగిన ప్రతి మరణాన్నీ అంగీకరిస్తూ ఆడే చిన్న వర్గం కూడా ఉంది. నిరపేక్షత సిద్ధించేది వారికి మాత్రమే. అది గేము ఇచ్చినది కాదు, వారు పాటించిన వ్రతం వల్ల కలిగినది.

2019లో వచ్చిన ‘త్రీ హౌసెస్’ చర్చను నైతికస్థాయికి తీసుకువెళ్ళింది. ఆడేవారు విద్యాలయంలో ఆచార్యులుగా మూడు శిష్యవర్గాల్లో ఒకదాన్ని ఎన్నుకొంటారు. ఐదేళ్ళ తరువాత జరిగే యుద్ధంలో మిగిలిన వర్గాల విద్యార్థులు శత్రుసేనలో ఎదురవుతారు. ముందుగా తమ వర్గంలో చేర్చుకొన్నవారిని కాపాడవచ్చు, అందరినీ చేర్చుకోవడం సాధ్యం కాదు. ఇక్కడ మరణాన్ని క్లాసిక్, క్యాజువల్ ఎంపికలు తప్పించలేవు. తాను ఎన్నుకోని శిష్యుని మరణానికి గురువు బాధ్యుడా అన్న ప్రశ్న ముందు పద్ధతుల వివాదం వెనుకబడిపోయింది.

6. అభిమానులు సృష్టించుకొన్న మరణం: నజ్లాక్

‘పోకెమాన్’ గేముల్లో పోరాడే జీవులు మరణించవు, సొమ్మసిల్లుతాయి. చికిత్సాలయంలో క్షణంలో కోలుకొంటాయి. 2010లో ఒక వెబ్ చిత్రకథ ద్వారా ప్రచారంలోకి వచ్చిన ‘నజ్లాక్’ పద్ధతి ఈ సౌలభ్యాన్ని తిరస్కరించింది. సొమ్మసిల్లిన జీవిని మరణించినట్లుగా భావించి వదిలివేయాలన్నది దాని మొదటి నియమం. ప్రతి ప్రాంతంలో మొదట ఎదురైన జీవిని మాత్రమే పట్టుకోవాలన్నది రెండవది. పట్టుకొన్న ప్రతి జీవికీ పేరు పెట్టడం ఆచారమైంది.

గేములో ఈ నియమాలు ఎక్కడా లేవు. వీటిని అమలుపరచే యంత్రాంగం ఆడేవారి మనస్సాక్షి ఒక్కటే. మరణాన్ని తొలగించమని కోరే అభిమానులు ఒకవైపు ఉండగా, మరణం లేని గేములో మరణాన్ని స్వచ్ఛందంగా స్థాపించుకొన్నవారు మరొకవైపు ఉన్నారు. అభిమానులు కేవలం సుఖాంతాలను కోరతారన్న సాధారణాభిప్రాయాన్ని ఇది పూర్వపక్షం చేస్తుంది. వారు కోరేది హద్దు స్పష్టంగా ఉండటాన్ని, దాన్ని గీయడంలో తమకు భాగం ఉండటాన్ని.

7. ‘ద లాస్ట్ ఆఫ్ అజ్’: హంతకుని స్థానంలో ఆడేవారు

నాటీ డాగ్ సంస్థ 2013లో విడుదల చేసిన మొదటి గేములో జోయెల్ అనే మధ్యవయస్కుడు ఎల్లీ అనే బాలికను ప్రమాదకరమైన దేశంలో దాటిస్తాడు. చివర ఆమెను కాపాడటానికి ఆసుపత్రిలో వైద్యుని చంపుతాడు. ఆ హత్యను ఆడేవారే తమ చేతులతో జరపాలి, తప్పించే మార్గం లేదు. 2020 జూన్‌లో వచ్చిన రెండవ గేము ఆరంభభాగంలోనే ఆ వైద్యుని కుమార్తె ఆబీ జోయెల్‌ను చంపుతుంది. గేము రమారమి సగం గడిచాక ఆడేవారు ఆబీగా ఆడవలసి వస్తుంది.

ఇక్కడ జోయెల్ తిరిగి రాడన్న విషయంలో సందిగ్ధత లేదు. మరణం పూర్తిగా నిరపేక్షం. వివాదం మరో చోట ఉంది. తాము ద్వేషించే పాత్రను తమ చేతనే నడిపించడం న్యాయమా అన్నది అభిమానుల ప్రశ్న. నవలలో హంతకుని దృక్కోణం చదవడం ఒక విషయం, అతని ప్రాణాలను కాపాడటానికి స్వయంగా శ్రమించడం మరొకటి. సమర్థకులు దీన్ని సానుభూతి పరిధిని విస్తరించే రూపకల్పనగా భావించారు. వ్యతిరేకులు బలవంతపు సాధారణీకరణంగా చూశారు.

ఈ చర్చ హద్దులు దాటిన తీరును కూడా గుర్తించాలి. విడుదలైన వెంటనే సమీక్షావేదికల్లో మూకుమ్మడిగా అల్పాంకాలు నమోదయ్యాయి. ఆబీకి గాత్రం, అభినయం అందించిన లారా బెయిలీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆమె వాటిని బహిరంగంగా వెల్లడించింది. ఒక కల్పిత మరణానికి ప్రతిగా ఒక నిజమైన వ్యక్తి ప్రాణానికి బెదిరింపు రావడం రసభంగానికి పరాకాష్ఠ. లౌకికమైన కోపాన్ని రసానుభవం నుండి వేరుచేయలేకపోతే విమర్శ ఎంత దూరం దిగజారగలదో ఈ సంఘటన తెలుపుతుంది.

8. ముగింపు

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. గేముల్లో పాత్రమరణంపై అభిమానుల చర్చకు కేంద్రం పునరాగమనాశ. ఆ ఆశను నిర్ణయించే సూచన కథ నుండి, నియమం నుండి రెండు ధారలుగా వస్తుంది. రెండూ ఏకీభవించిన గలూఫ్ మరణం వివాదాతీతంగా నిలిచింది. అవి ఏకీభవించని ఎయిరిత్ మరణం పావుశతాబ్ది దాటినా చర్చనీయంగానే ఉంది.

2. వివాదం ఉన్నంతమాత్రాన రూపకల్పన విఫలమైనట్లు కాదు. నియమం మౌనం వహించినందువల్లనే ఎయిరిత్ మరణం ఆడేవారిచేత రహస్యమార్గాలను వెతికించింది. ఆ వెతుకులాట శోకంలోని ఒక దశ. అది ఆడేవారి చర్యగా మారడం ఈ మాధ్యమానికి ప్రత్యేకం.

3. నియమం శాశ్వతత్వాన్ని శాసించినా, దాన్ని నిలబెట్టేది ఆడేవారి అంగీకారమే. క్లాసిక్ పద్ధతిలో పునఃప్రారంభం, నజ్లాక్‌లో స్వచ్ఛందనియమం దీనికి రెండు ఎదురెదురు సాక్ష్యాలు.

4. ఆడేవారి దుఃఖంలో శ్రమనష్టం, పాత్రవియోగం కలిసి ఉంటాయి. గలూఫ్, సిగుర్డ్ కథల్లోని సంక్రమణ పద్ధతి మొదటిదాన్ని తొలగించి రెండవదాన్ని మిగిల్చింది. రససిద్ధాంతాన్ని ఈ మాధ్యమానికి అన్వయించేవారు ఈ రెండింటినీ వేర్వేరుగా పరిగణించాలి.

భరతుడు కరుణ విప్రలంభాల మధ్య గీసిన గీత నాటకాన్ని చూసేవారి కోసం. చూసేవారే చేసేవారైనప్పుడు ఆ గీత ఎక్కడ ఉండాలన్నది కూడా కళానుభవంలో భాగమవుతుంది. మహాశ్వేత దివ్యవాక్కు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. గేము ఆడేవారు ఆ వాక్కును తామే పలకగలరు, పలకకుండా ఉండనూ గలరు. మృతుణ్ణి బ్రతికించే వీలు చేతిలో ఉండి కూడా బ్రతికించకుండా ముందుకు సాగిన ఆటలో కరుణం ఎలా పరిపుష్టమవుతుందన్నది తెలుగులో ఈ రంగంపై జరగబోయే పరిశోధనలు చేపట్టదగిన ప్రశ్న.